ఇంట్లోని వాయిస్ అసిస్టెంటుకు హద్దులు పెట్టడం ఎలా?

మా అమ్మానాన్నల కోసం రెండేళ్ల క్రితం నేనే కొని, హాల్లో టీవీ పక్కన పెట్టిన స్మార్ట్ స్పీకరులో ఏమేం రికార్డయ్యాయో మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మొదటిసారి తెరిచి చూశాను. సుప్రభాతం పెట్టమనడం, వాన పడుతుందా అని అడగడం వంటి వాటి మధ్య, ఎవరూ పిలవకుండానే అది అందుకున్న మాటలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని నొక్కితే, నాన్నగారికి షుగరు ఎంత వచ్చిందో, డాక్టరుగారు ఏ మాత్ర మార్చారో అమ్మ ఫోనులో మా పిన్నికి చెబుతున్న మాటలు ఏడెనిమిది సెకన్లపాటు వినిపించాయి. వంటింట్లోంచి వస్తున్న అమ్మ, తన గొంతు నా చేతిలోని ఫోనులోంచి వినబడేసరికి గుమ్మం దగ్గరే ఆగిపోయి, "ఇది ఇంకెవరెవరు విన్నారురా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు కూర్చుని నేను చేసిన పనులను, తరవాత చదివి తెలుసుకున్న విషయాలతో కలిపి, మీరు మీ ఇంట్లో చేసుకోవడానికి వీలుగా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఒక గంట తీరిక, ఆ పరికరానికి కలిపిన ఫోను, ఇంట్లోవాళ్లందరూ ఉండే ఒక సాయంత్రం ఉంటే ఈ పని పూర్తవుతుంది.

ముందు, అది ఎలా వింటుందో తెలుసుకోండి

స్పీకరులోని మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అయితే విన్నదంతా కంపెనీకి పంపించదు. కొద్ది సెకన్ల శబ్దాన్ని మాత్రం తనలో ఉంచుకుని, అందులో తనను పిలిచే మాట ఉందేమోనని వెతుకుతూ, లేకపోతే దాన్ని చెరిపేసి ఆ చోట కొత్త శబ్దాన్ని పెట్టుకుంటూ ఉంటుంది. 'అలెక్సా' అనో 'ఓకే గూగుల్' అనో వినబడిందని అది అనుకున్న క్షణంలో లైటు వెలుగుతుంది. అక్కడి నుంచి మీ మాటలు ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లకు చేరి, అక్కడ అక్షరాలుగా మారతాయి. మీ సెట్టింగును బట్టి మీ ఖాతా కింద నిలవ కూడా ఉంటాయి. 'వినబడిందని అది అనుకున్న' అన్నానే, చిక్కంతా ఆ అనుకోవడంలోనే ఉంది.

జర్మనీలోని బోఖుమ్ నగరంలో ఉన్న రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఈ పరికరాలను పొరపాటున నిద్రలేపే మాటల కోసం వెతికితే వెయ్యికి పైగా దొరికాయి. అలెక్సాను లేపిన ఇంగ్లీషు మాటల్లో 'ఎలక్షన్' ఒకటి. తెలుగువాళ్ల ఇళ్లలో పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఎలక్షన్ల మాట దొర్లని పూట ఉండదు. మనం అనకపోయినా టీవీ అంటూనే ఉంటుంది. 2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక దంపతులు ఇంట్లో మాట్లాడుకున్న మాటలు అమెజాన్ వారి అలెక్సా పరికరంలో రికార్డయి, వాళ్ల కాంటాక్టుల్లో ఉన్న, భర్త దగ్గర పనిచేసే ఒక ఉద్యోగికి వెళ్లిపోయాయి. మాటల మధ్యలో ఏదో శబ్దం తనను పిలిచినట్టు, మరొకటి 'సందేశం పంపు' అన్నట్టు, ఇంకొకటి ఎవరికి పంపాలో చెప్పినట్టు పరికరానికి వినిపించిందని అమెజాన్ వివరణ ఇచ్చింది. అంటే ఆ పరికరం చెడిపోలేదు, దానిలోకి ఎవరూ చొరబడలేదు. మామూలుగా పనిచేస్తూనే అంత పని చేసింది.

ఇక అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు 2019లో ప్రపంచానికి తెలిసింది. అలెక్సా రికార్డింగులను విని, రాసి, తప్పులు దిద్దే పనిలో వేలమంది ఉన్నారని, వాళ్లలో కొందరు పనిచేసేది మన దేశంలోనేనని ఆ ఏడాది ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ బయటపెట్టింది. జులైలో బెల్జియం ప్రసార సంస్థ వీఆర్‌టీ తన చేతికి వచ్చిన వెయ్యికి పైగా గూగుల్ అసిస్టెంట్ క్లిప్పులు వింటే, వాటిలో 153 ఎవరూ పిలవకుండానే రికార్డయినట్టు తేలింది. అదే నెలలో ఐఫోనుల్లోని అసిస్టెంటు సిరి రికార్డింగులను కాంట్రాక్టు ఉద్యోగులు వింటున్నారని గార్డియన్ పత్రిక రాసింది. వీటి తరవాతే వినియోగదారుడు వద్దనడానికి వీలుగా మీటలు వచ్చాయి. ఆ మీటలు ఎక్కడున్నాయో వెతికి నొక్కవలసింది మాత్రం మనమే.

మొదటి పని: ఖాతా ఎవరిదో చూడండి

దీన్ని చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. డాలస్‌లోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకో కూతురో స్పీకరు కొని, తన ఖాతాతోనే సెటప్ చేసి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నల దగ్గర పెట్టి వెళ్లడం మన ఇళ్లలో సర్వసాధారణం. ప్రేమతో చేసిన పనే, నేనూ అలాగే చేశాను. అయితే దానివల్ల ఆ ఇంట్లో రికార్డయిన ప్రతి మాటా మీ ఖాతాలో పేరుకుంటుంది. అమ్మానాన్నలకు దాన్ని చూసే దారి గానీ చెరిపే దారి గానీ ఉండదు. పైగా అదే ఖాతాతో ఉన్న యాప్‌ను మీ భార్యో భర్తో కూడా వాడుతుంటే, వాళ్లూ ఆ చరిత్రను చూడగలుగుతారు. వియ్యాలవారి గురించి అమ్మ చెల్లెలితో అనుకున్న మాట కోడలి ఫోనులో కనబడే అవకాశం ఉన్నదంటే అందులో ఎవరి తప్పూ లేదు, ఖాతా పెట్టిన తీరుదే తప్పు.

కాబట్టి ఆ పరికరాన్ని మీ ఖాతా నుంచి తీసేసి, అమ్మ లేదా నాన్న పేరుతో, వాళ్ల సొంత ఫోను నంబరుతో కొత్త ఖాతా తెరిచి, దానితో మళ్లీ సెటప్ చేయండి. పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. మరిచిపోతారన్న భయం ఉంటే కాగితం మీద రాసి బీరువాలో పెట్టించండి. పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణను కూడా అప్పుడే ఆన్ చేయండి, ఎందుకంటే ఆ ఖాతాలోకి వెళ్లగలిగినవాడు ఇంట్లో మాటలు కూడా వినగలుగుతాడు.

రెండవ పని: చోటు మార్చండి

ఏ ఇంటికైనా గుట్టు పలికే చోట్లు ఉంటాయి. పడకగది, పూజగది పక్కన పెద్దవాళ్లు కూర్చుని డబ్బు సంగతులు మాట్లాడుకునే మూల, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్ల బల్ల, పిల్లలు చదువుకునే గది అలాంటివి. ఆ చోట్ల స్పీకరు ఉండకూడదు. టీవీ పక్కన అసలే వద్దు, ఎందుకంటే పొరపాటున లేవడానికి టీవీ మాటలే పెద్ద కారణం. 2017 జనవరిలో, ఒక ఆరేళ్ల పాప అలెక్సాను అడిగి బొమ్మరిల్లు తెప్పించుకున్న సంగతిని శాన్ డియేగో టీవీ వార్తల్లో ఒకాయన చదివి వినిపిస్తే, చూస్తున్నవాళ్ల ఇళ్లలోని పరికరాలు కూడా ఆ మాటకు లేచి బొమ్మరిల్లు తెప్పించబోయాయి. కిటికీకి ఎదురుగా కూడా పెట్టకండి; మైకు మీదికి లేజరు కాంతిని ప్రసరింపజేసి, గాజు అవతలి నుంచి కూడా, నోటిమాట లేకుండానే ఆదేశాలు ఇవ్వవచ్చని 2019లో మిషిగన్ విశ్వవిద్యాలయం, టోక్యోలోని ఒక విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చేసి చూపించారు. సామాన్యుడి ఇంటి మీద ఎవరూ అంత శ్రమ పడకపోవచ్చు గానీ, స్పీకరును నాలుగడుగులు పక్కకు జరపడం మనకు పెద్ద శ్రమ కాదు.

మా ఇంట్లో దాన్ని హాల్లోంచి తీసి వంటింటి గట్టు మీద పెట్టాము. అమ్మ పాటలు వినేది అక్కడే, కుక్కరు విజిల్ లెక్కపెట్టడం మానేసి టైమరు పెట్టించుకునేది కూడా అక్కడే.

ఆ తరవాత మైకు మీట ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. అలెక్సా పలికే అమెజాన్ ఎకో పరికరాల మీద మైకు బొమ్మ ఉన్న బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది. గూగుల్ నెస్ట్ మినీకి పక్కన చిన్న జారుడు మీట ఉంటుంది, జరిపితే నారింజ రంగు లైటు కనిపిస్తుంది. ఓటీపీ గట్టిగా చదివి చెప్పేటప్పుడు, బ్యాంకు వాళ్లతో మాట్లాడేటప్పుడు, డాక్టరుకు ఫోను చేసేటప్పుడు, పొలం బేరం మాట్లాడేటప్పుడు ముందు ఆ మీట నొక్కాలన్నది ఇంటి అలవాటు కావాలి. చూపు ఆననివాళ్లు పక్కవాళ్ల చేత ఓటీపీ గట్టిగా చదివించుకోవడం మన ఇళ్లలో రోజూ జరిగేదే కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. మీట గుర్తుండదు అనుకునే పెద్దవాళ్లకు ప్లగ్గు తీసేయడం నేర్పండి, అంతకంటే తేలికైనదీ నమ్మదగినదీ మరొకటి లేదు.

మూడవ పని: ఇప్పటిదాకా రికార్డయినదాన్ని విని, చెరిపేయండి

అలెక్సా యాప్‌లో 'మోర్' నొక్కి, 'సెట్టింగ్స్'లో 'అలెక్సా ప్రైవసీ' తెరిస్తే 'రివ్యూ వాయిస్ హిస్టరీ' కనబడుతుంది. తేదీల వారీగా వడకట్టి, కనీసం ఒక నెలవి విని చూడండి. అన్నీ ఒక్క దెబ్బతో చెరిపేయాలనిపిస్తుంది, ఆగండి. ఏ మాటకు, ఏ వేళకు, ఎవరి గొంతుకు అది పొరపాటున లేస్తున్నదో తెలిస్తే చోటు మార్చడం, పిలుపు మార్చడం సరిగ్గా చేయగలుగుతారు. మా ఇంట్లో అనవసరమైన రికార్డింగులన్నీ రాత్రి ఏడు నుంచి తొమ్మిది మధ్యవే, అంటే వార్తలూ సీరియళ్లూ నడిచే వేళవే. అది చూశాకే టీవీ పక్కన పెట్టడం ఎంత తప్పో నాకు తెలిసొచ్చింది.

ఇందులో ఒక మర్యాద పాటించండి. ఆ గొంతులు మీవి మాత్రమే కావు. అమ్మవీ, నాన్నవీ, పనిచేసే ఆవిడవీ, వచ్చిపోయే చుట్టాలవీ కూడా ఉంటాయి. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే వినండి. వాళ్లు లేనప్పుడు వాళ్ల మాటలు వినడమంటే, కంపెనీ చేస్తున్నదని మనం బాధపడే పనిని మనమే చేయడం అవుతుంది.

విన్నాక అన్నీ చెరిపేయండి. గూగుల్ అయితే మీ ఖాతాలోని 'మై యాక్టివిటీ' పేజీలో అసిస్టెంట్‌కు సంబంధించినవి వేరుగా కనిపిస్తాయి, అక్కడే చెరపవచ్చు. ఐఫోనులో 'సెట్టింగ్స్'లో సిరి విభాగానికి వెళ్తే 'సిరి అండ్ డిక్టేషన్ హిస్టరీ' అని ఉంటుంది, దానిలో చెరిపే బటన్ ఉంది.

నాలుగవ పని: ఇకమీదట నిలవ ఉండకుండా చేయండి

చెరపడం నెలకోసారి గుర్తుపెట్టుకుని చేసే పని కాదు, ఎవరూ చేయరు. అలెక్సా ప్రైవసీలోనే 'మేనేజ్ యువర్ అలెక్సా డేటా' తెరిచి, రికార్డింగులు ఎంతకాలం ఉంచాలి అన్నచోట 'డోంట్ సేవ్ రికార్డింగ్స్' ఎంచుకోండి. మూడు నెలలు, పద్దెనిమిది నెలలు అన్న అవకాశాలూ ఉన్నాయి గానీ, పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంట్లో పాత రికార్డింగుతో ఎవరికీ పనిలేదు. అదే పేజీలో కిందికి వెళ్తే అలెక్సాను మెరుగుపరచడానికి వాయిస్ రికార్డింగులు వాడుకోవచ్చా అని అడిగే మీట ఉంటుంది. మనుషులు కూర్చుని వినడానికి అనుమతి అదే, దాన్ని ఆపేయండి.

గూగుల్ ఖాతాలో 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' కింద 'వాయిస్ అండ్ ఆడియో యాక్టివిటీ' చేర్చాలా అన్న చిన్న గడి ఉంటుంది. దానిలో టిక్కు ఉంటే తీసేయండి. అక్కడే 'ఆటో డిలీట్'ను మూడు నెలలకు పెట్టండి, ఎందుకంటే గొంతు నిలవ లేకపోయినా మీరు అడిగినవాటి అక్షరరూపం నిలవ ఉంటుంది. ఐఫోనులో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో 'ఎనలిటిక్స్ అండ్ ఇంప్రూవ్‌మెంట్స్' తెరిచి 'ఇంప్రూవ్ సిరి అండ్ డిక్టేషన్' ఆపి ఉన్నదో లేదో చూడండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఒక విషయం గమనించాలి. అక్కడ కొన్ని ఎకో పరికరాలకు, మాటలను సర్వరుకు పంపకుండా పరికరంలోనే తేల్చుకునే ఎంపిక ఒకటి ఉండేది; 2025 మార్చి 28 నుంచి అమెజాన్ దాన్ని తీసేసింది. ఎన్నడో ఒకసారి పెట్టిన సెట్టింగును నమ్ముకుని ఊరుకోకూడదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. కనీసం ఆర్నెల్లకోసారి ఈ పేజీలు తెరిచి చూడండి.

ఐదవ పని: 'డ్రాప్ ఇన్' గురించి ఇంట్లో మాట్లాడండి

తెర, కెమెరా ఉన్న ఎకో షో వంటి పరికరం పెద్దవాళ్ల దగ్గర ఉంటే, ఈ సదుపాయంతో దూరాన ఉన్న పిల్లలు అవతలివాళ్లు ఎత్తకుండానే కాల్ కలపవచ్చు. ఒంటరిగా ఉండే అమ్మ జారిపడితే ఇది ప్రాణం కాపాడగలదు, అందువల్ల పూర్తిగా తీసేయమని నేను చెప్పను. అయితే అమ్మ తల దువ్వుకుంటూనో, పక్కింటావిడతో కష్టం చెప్పుకుంటూనో ఉన్నప్పుడు తెర మీద కొడుకు ముఖం ప్రత్యక్షమవడం ఆవిడకు ఎలా ఉంటుందో ఆవిడనే అడగాలి. అడిగితే "నువ్వే కదా నాన్నా, ఏముంది" అనే అంటారు. ఆ మాటతో సరిపెట్టుకోకుండా, రోజూ ఏ వేళకు చూడవచ్చో, ముందు ఫోను చేయాలో లేదో, ఏ పరిస్థితిలో చెప్పకుండా చూడవచ్చో కలిసి నిర్ణయించుకోండి. అలెక్సా యాప్‌లో 'డివైసెస్'కు వెళ్లి, ఆ పరికరాన్ని ఎంచుకుని, 'కమ్యూనికేషన్స్'లో డ్రాప్ ఇన్‌ను అనుమతించినవాళ్లకే పరిమితం చేయవచ్చు, పూర్తిగా ఆపనూ వచ్చు. అనుమతి ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చూసి, అనవసరమైనవి తీసేయండి. కెమెరాకు తలుపు ఉన్న పరికరమైతే మామూలు వేళల్లో అది మూసే ఉంచండి.

ఆరవ పని: పిలుపు, కొనుగోలు, పిల్లలు

అలెక్సాను పిలిచే పేరును 'ఎకో' లేదా 'కంప్యూటర్' అని మార్చుకోవచ్చు. మీ ఇంట్లో తక్కువగా దొర్లే మాట ఏదో మీకే తెలుసు. అలెక్సా వినడం మొదలుపెట్టినప్పుడు చిన్న శబ్దం వచ్చేలా పరికరం సెట్టింగుల్లోని 'సౌండ్స్'లో 'స్టార్ట్ ఆఫ్ రిక్వెస్ట్' ఆన్ చేయండి, లైటు కనబడని గదిలో కూడా అది లేచిన సంగతి చెవికి తెలుస్తుంది. గూగుల్ హోమ్ యాప్‌లో 'హే గూగుల్' సెన్సిటివిటీని తగ్గించవచ్చు. ఐఫోనుల్లో 2023 నుంచి 'హే' లేకుండా 'సిరి' అన్నా పలికే ఎంపిక వచ్చింది. ఇంట్లో సిరి అనే అమ్మాయి ఉంటే, రోజుకు యాభైసార్లు ఆ పేరు పిలుస్తారు కాబట్టి, 'హే సిరి' అన్నదే ఉంచుకోండి. నోటిమాటతో కొనుగోలు చేసే సదుపాయాన్ని ఆపేయండి, లేదా దానికి కోడ్ పెట్టండి.

పిల్లలున్న ఇంట్లో నిలవ విషయం మరింత గట్టిగా పట్టించుకోవాలి. పిల్లల గొంతులను అమెజాన్ అవసరానికి మించి దాచిందని, తల్లిదండ్రులు చెరిపేయమన్నా అన్నిచోట్లా చెరపలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపిస్తే, 2023లో అమెజాన్ 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. తన డేటాను చెరిపేయమని అడిగే హక్కును పెద్దవాళ్లకూ ఇస్తుంది.

ఏడవ పని: ఫోనును మరవకండి

స్పీకరు కొనని ఇంట్లో కూడా ఈ చెవి ఉంటుంది. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో ఏ యాప్ అయినా మైకు వాడుతుంటే తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది, ఐఫోనులో నారింజ చుక్క కనిపిస్తుంది. మీరు ఏమీ మాట్లాడనప్పుడు ఆ గుర్తు కనబడితే, సెట్టింగుల్లోని ప్రైవసీ విభాగంలో మైకు అనుమతులు ఏ ఏ యాప్‌లకు ఉన్నాయో చూసి, అక్కర్లేనివాటికి తీసేయండి. గొంతుతో వెతికే టీవీ రిమోట్లలో చాలావాటికి బటన్ నొక్కినప్పుడే మైకు పనిచేస్తుంది; నొక్కకుండా, పిలిస్తే చాలు పలికే టీవీ అయితే ఆ సదుపాయాన్ని టీవీ సెట్టింగుల్లో ఆపేయండి.

చివరగా, ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు

పాత స్పీకరును ఆన్‌లైన్లో అమ్మేముందు, పనిచేసే ఆవిడ పిల్లలకు ఇచ్చేముందు, చెత్తలో వేసేముందు కూడా రీసెట్ చేయాలి, అంటే కొన్ననాటి స్థితికి తేవాలి. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇతరులు వాడి అమ్మేసిన 86 ఎకో డాట్‌లు కొని చూస్తే, వాటిలో 61 శాతం రీసెట్ చేయనివే. రీసెట్ చేసినవాటి చిప్పుల్లోంచి కూడా వైఫై పాస్‌వర్డు వంటి వివరాలను వాళ్లు తిరిగి రాబట్టగలిగారు. అందువల్ల ఈ వరుసలో చేయండి: ముందు యాప్‌లో రికార్డింగుల చరిత్ర అంతా చెరపండి, ఎందుకంటే అది ఉండేది స్పీకరులో కాదు, సర్వరులో. తరవాత యాప్‌లోనే పరికరాన్ని ఖాతా నుంచి తొలగించండి. ఆపైన స్పీకరును రీసెట్ చేయండి. ఎకో డాట్ కొత్త మోడళ్లలో చుక్క గుర్తు ఉన్న యాక్షన్ బటన్‌ను సుమారు 25 సెకన్లు నొక్కిపట్టాలి, నెస్ట్ మినీలో మీట జరిపి మైకు ఆపి, పైభాగాన్ని మధ్యలో సుమారు 15 సెకన్లు నొక్కిపట్టాలి. అది చేతులు మారిన రోజు సాయంత్రమే ఇంటి వైఫై పాస్‌వర్డు మార్చేయండి.